అమలాపురంలో అత్తయ్య, అట్లాంటాలో అన్నయ్య: ఇంటిల్లిపాదీ కలిసి పాడుకోవడానికి ఏది ఎంచుకోవాలి?

ఇంట్లో నలుగురు పాడేవాళ్లుండి, ఆ నలుగురూ నాలుగు దేశాల్లో ఉంటే, శ్రీరామనవమి దగ్గర పడుతోందనగానే ఫోన్లు మొదలవుతాయి. "ఈసారి అందరం కలిసి పాడదాం" అని ఒకరు, "నేను జూమ్ పెడతాను" అని ఇంకొకరు, "పోయినేడాది జూమ్‌లో ఏం వినపడిందని?" అని మరొకరు. మా ఇంట్లో కచేరీలు చేసే స్థాయివాళ్లు ఎవరూ లేరు. హార్మోనియం ముందేసుకుని భజన చెప్పే పెదనాన్న, ఏ పేరంటానికైనా సరిపడా మంగళహారతులు నోటికొచ్చిన అత్తయ్య, వర్ణాల దాకా నేర్చుకుని ఉద్యోగంలో పడ్డాక ఆపేసిన వదిన, పాత సినిమా పాట తప్ప ఇంకేదీ ముట్టుకోని బావగారు, అట్లాంటాలో కీబోర్డు నేర్చుకుంటున్న పిల్లలు. చాలా తెలుగు కుటుంబాల్లో ఇంచుమించు ఇదే బృందం. దూరంగా ఉండి కలిసి పాడటానికి, కబుర్లు చెప్పుకోవడానికి ఏ యాప్, ఏ పద్ధతి మేలన్న ఈ పోలిక ఇలాంటి వాళ్ల కోసమే. స్టూడియో మైకుల మీద డబ్బు పెట్టాలనుకునేవాళ్లకు దీనితో పెద్దగా పని ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాటకూ కబురుకూ ఒకే గ్రూపు పెట్టుకోకండి. కలిసి పాడాలనుకున్న పాటను ఎవరి భాగం వాళ్లు రికార్డు చేసి పంపుకోండి. వీడియో కాల్‌ను ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు వినడానికి ఉంచుకోండి. ఏది ఎంచుకున్నా, ఇంట్లో ఫోన్ సరిగ్గా వాడటం రాని పెద్దవాళ్లకు అది చేతనవుతుందా లేదా అన్నదే మొదటి పరీక్ష. యాప్ ఎంత బాగున్నా పెద్దమ్మకు అందకపోతే అది మీ కుటుంబానికి పనికొచ్చేది కాదు.

కాల్‌లో అందరూ ఒకేసారి పాడితే ఏమవుతుంది

రభస అవుతుంది. అది మీ ఇంటర్నెట్ తప్పు కాదు, మీ వాళ్ల తాళజ్ఞానం తప్పు అసలే కాదు.

గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. అంటే 10 మిల్లీసెకన్లలో మూడున్నర మీటర్లు. ఒకే హాల్లో ఈ గోడ దగ్గర ఒకరు, ఆ గోడ దగ్గర ఒకరు కూర్చుని పాడినా ఆపాటి ఆలస్యం ఉంటుంది, ఎవరికీ తెలియదు. అది 25, 30 మిల్లీసెకన్లు దాటితే మాత్రం తంటా మొదలవుతుంది. అవతలి గొంతు కోసం మనం ఒక్క పిసరు ఆగుతాం, వాళ్లు మన కోసం ఇంకో పిసరు ఆగుతారు. అలా కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం, జారిపోతూ, పల్లవి రెండోసారి ఎత్తుకునేసరికే పాట సాగదీసినట్టు తయారవుతుంది.

ఇప్పుడు దూరం చూడండి. హైదరాబాద్ నుంచి అట్లాంటాకు గ్లోబు మీద దగ్గరి దారి కొలిచినా దాదాపు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. ఆ లెక్కన ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు. కేబుళ్లేమో తిన్నగా వెళ్లవు, సముద్రాల అడుగున చుట్టూ తిరిగి పోతాయి. దానికి ఇంట్లో వైఫై, ఫోన్ ఆడియోను కుదించి మళ్లీ విప్పే సమయం కలుపుకోండి. నెలకు ఎంత కట్టి ఎంత వేగం ఇంటర్నెట్ పెట్టించుకున్నా ఆ 70 తగ్గదు.

రెండో చిక్కు యాప్‌ది. వీడియో కాల్ యాప్‌లన్నీ మాటల కోసం చేసినవి. ఆగకుండా ఒకేలా మోగే శబ్దాన్ని ఫ్యాన్ హోరో ఏసీ మోతో అనుకుని తీసేస్తాయి. తంబూరా అంటే ఆగకుండా ఒకేలా మోగేదే కదా! అందుకే ఇక్కడ పెదనాన్న పక్కన శ్రుతిపెట్టె నిండుగా మోగుతున్నా అవతల మెల్‌బోర్న్‌లో వినపడదు, మొదటి రెండు సెకన్లు వినిపించి మాయమవుతుంది. హార్మోనియం మీద ఒక స్వరం నొక్కిపట్టినా అదే గతి. పైగా ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఒకరి గొంతును యాప్ నొక్కేస్తుంది, ప్రతిధ్వని రాకుండా ఆపడానికి.

జూమ్‌లో దీనికి కొంత మందు ఉంది. ఆడియో సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని ఉంటుంది. అది పెట్టుకుంటే తంబూరా బతుకుతుంది, గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే వంపులు, కూడా ముక్కలవకుండా వస్తాయి. ప్రతిధ్వనిని ఆపే ఏర్పాటు కూడా తీసేస్తే నాణ్యత ఇంకా బాగుంటుంది కానీ, అప్పుడు ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. లేకపోతే స్పీకర్లో వచ్చేదంతా మళ్లీ మైకులోకి పోయి గోల. ఇంతా చేసినా దూరం వల్ల వచ్చే ఆలస్యం మాత్రం అలాగే ఉంటుంది. నాణ్యత బాగుపడుతుంది, కలిసి పాడటం కుదరదు.

కాల్‌లో కుదిరే పాటలు కొన్ని ఉన్నాయి. ఒకరు చెప్పి ఇంకొకరు అందుకునేవన్నీ కుదురుతాయి. బతుకమ్మ పాట చూడండి: ఒకరు చరణం చెబుతారు, మిగతావాళ్లు "ఉయ్యాలో" అందుకుంటారు. గొబ్బి పాటలూ అంతే, నామావళి భజనలూ అంతే. ఇక్కడ ఆలస్యం వల్ల చరణానికీ జవాబుకూ మధ్య చిన్న ఖాళీ వస్తుంది, అంతకు మించి ఏమీ కాదు. అయితే అందుకునే వంతు ఒక్క ఇంటికే ఇవ్వండి, మిగతా ఇళ్లవాళ్లు మైకు ఆపుకుని ఎవరి హాల్లో వాళ్లు పాడుకోవాలి. అట్లాంటా అందుకున్నప్పుడు అమలాపురం మ్యూట్, తర్వాత చరణానికి వంతు మార్చుకోవచ్చు. అన్ని ఇళ్లూ ఒకేసారి అందుకుంటే "ఉయ్యాలో" ముక్కలు ముక్కలై చెల్లాచెదురుగా వినిపిస్తుంది.

ఒకే ఊళ్లో, లేదా పక్కపక్క ఊళ్లలో ఉన్నవాళ్లకు వేరే దారి ఉంది. జామ్యులస్, సోనోబస్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టిన జాక్‌ట్రిప్, ఇవన్నీ ఆలస్యాన్ని వీలైనంత తగ్గించి కలిసి వాయించుకోవడానికే చేసినవి. కూకట్‌పల్లిలో వయొలిన్, ఎల్‌బీ నగర్‌లో మృదంగం అయితే ప్రయత్నించి చూడవచ్చు. కానీ వైఫై పనికిరాదు, రౌటర్ నుంచి కంప్యూటర్‌కు కేబుల్ పెట్టాలి, వైరున్న ఇయర్‌ఫోన్స్ కావాలి, సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టే ఓపిక ఒకరికైనా ఉండాలి. మెట్రోలో వెళ్లి వాళ్లింట్లోనే కూర్చుని వాయించుకోవడం దీనికన్నా తేలికని నాకనిపిస్తుంది.

మరి కాల్ ఏ యాప్‌లో పెట్టాలి

వాట్సాప్ వీడియో కాల్‌లో 32 మంది దాకా పడతారు, సమయం మీద పరిమితి లేదు, పెద్దవాళ్లకు ఆకుపచ్చ బటన్ నొక్కడం తెలుసు. నాణ్యత మాత్రం మాటలకే. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే గది మూసుకుపోతుంది, సరిగ్గా అత్తయ్య హారతి పాట ఎత్తుకునే వేళకు. ఇంట్లో ఎవరికైనా ఆఫీసు ఖాతా ఉంటే దాన్ని వాడేద్దాం అనిపిస్తుంది, ఆఫీసు వాళ్ల నియమాలు చూసుకోండి. గూగుల్ మీట్ ఉచితంగా గంటసేపు ఉంటుంది. వినడానికి, కబుర్లకు ఇది చాలు.

కుటుంబంలో ఎవరైనా దుబాయ్‌లోనో అబూధాబీలోనో ఉంటే ఈ చర్చంతా ఒక్క మాటతో తేలిపోతుంది: అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు. మెసేజీలు, వాయిస్ నోట్లు మామూలుగా వెళతాయి, కాల్ మాత్రం కలవదు. కోనసీమలో గల్ఫ్ మనిషి లేని కుటుంబం అరుదు కాబట్టి ఈ సంగతి ముందే చూసుకోవాలి. జూమ్ అక్కడ నడుస్తుంది. వాళ్ల కోసమైనా కాల్‌ను జూమ్‌లో పెట్టడం మంచిది.

ఏ యాప్ అన్నదానికంటే ఏ వేళ అన్నదే పెద్ద తలనొప్పి. ఆదివారం పొద్దున్న ఏడున్నరకు మన దగ్గర పెట్టారనుకోండి. అట్లాంటాలో శనివారం రాత్రి, వేసవిలో పది, చలికాలంలో తొమ్మిది. కాలిఫోర్నియాలో శనివారం సాయంత్రం ఏడు లేదా ఆరు. మెల్‌బోర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు, వాళ్ల వేసవిలో ఒంటిగంట. దుబాయ్‌లో తెల్లవారి ఆరు. అందరికీ కుదిరింది, ఒక్క లండన్ వాళ్లకు తప్ప, వాళ్లకు రాత్రి రెండో మూడో అవుతుంది. లండన్ కోసం సాయంత్రం ఏడున్నరకు మారిస్తే మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి. బ్రిటన్, ఆస్ట్రేలియా రెండింటిలోనూ మనవాళ్లుంటే ఒకసారి పొద్దున్న, ఒకసారి సాయంత్రం వంతులవారీగా పెట్టుకోవాల్సిందే. ఇంకోమాట: అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారతాయి. ఆస్ట్రేలియాలో ఏప్రిల్, అక్టోబరు మొదటి ఆదివారాల్లో, అదీ కొన్ని రాష్ట్రాల్లోనే. మన గడియారం ఎప్పుడూ మారదు కనుక, వేళను మన టైములో చెప్పి ఎవరి లెక్క వాళ్లను వేసుకోమనడమే గొడవలేని పద్ధతి.

రికార్డు చేసి పంపుకోవడంలో మూడు రకాలు

మొదటిది వాయిస్ నోట్. మైకు గుర్తు నొక్కిపట్టి పాడేయడమే. అత్తయ్యలాంటివాళ్లకు దీన్ని మించింది లేదు, వంటింట్లో కుక్కర్ కూతతో సహా పాట వచ్చేస్తుంది. ఆ కూత నాకు ఇష్టమే. కానీ వాయిస్ నోట్ కూడా మాటల కోసం కుదించినదే. ఒంటరి గొంతు పరవాలేదు. వీణ మీటాక సాగే నాదం, మృదంగం ఎడమవైపు మోత అందులో నలిగిపోతాయి. ఒక జ్ఞాపకంగా వినడానికి వాయిస్ నోట్, నలుగురి గొంతులు కలపడానికి మాత్రం వద్దు.

రెండోది ఫోన్‌లో ఉండే రికార్డర్‌తో పాడి, ఆ ఫైలును వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపడం. అలా పంపితే రికార్డయింది రికార్డయినట్టే వెళుతుంది, 2 జీబీ దాకా పడుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు వాయిస్ మెమోస్ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీని 'లాస్‌లెస్' చేసుకోండి. వీడియో అయినా అంతే, గ్యాలరీ నుంచి మామూలుగా పంపితే నలుగుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే నలగదు. ఇందులో కష్టమల్లా రికార్డు చేసిన ఫైలు ఫోన్‌లో ఎక్కడ పోయిందో వెతకడం. అది మనవళ్ల పని.

మూడోదాని మీద కొంచెం ఎక్కువ చెబుతాను. పండక్కి 'అందరం కలిసి పాడాం' అనిపించేది ఇది ఒక్కటే. ఒకరు ముందు పాడి పంపిస్తారు, అది చెవిలో వింటూ మిగతావాళ్లు తమ భాగం పాడి పంపిస్తారు, ఎవరో ఒకరు అన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి పాటగా కలుపుతారు. కలపడానికి కంప్యూటర్‌లో ఆడాసిటీ ఉచితం. ఫోన్‌లోనే చేయాలంటే బ్యాండ్‌ల్యాబ్ ఉంది, అందులో అందరూ ఒకే ప్రాజెక్టులో చేరి ఎవరి ట్రాకు (విడిగా పాడిన భాగం) వాళ్లు పెట్టుకోవచ్చు కూడా. అందరికీ ఖాతాలు తెరిపించే ఓపిక లేకపోతే, ఫైళ్లన్నీ ఒకరికి పంపించి వాళ్లమీద వదిలేయండి.

ముందు శ్రుతి, అంటే అందరికీ ఆధారమైన 'స' ఏ ఎత్తులో ఉండాలో, తేల్చుకోవాలి. అసలు గొడవంతా ఇక్కడే. హార్మోనియం మెట్ల లెక్కలో చెప్పాలంటే, ఆడవాళ్లకు ఐదున్నర శ్రుతి హాయిగా ఉంటుంది, మగవాళ్లకు ఒకటో ఒకటిన్నరో. ఎవరి శ్రుతిలో వాళ్లు పాడిన రెండు రికార్డింగులను ఒకదాని మీద ఒకటి పెట్టలేం. ఇంటి బృందంలో నాలుగో నాలుగున్నరో దగ్గర రాజీ పడటం మామూలు, అప్పుడు కూడా పై స్థాయి అందనివాళ్లు కింది స్థాయిలో పాడుకుంటారు. పిల్లలు కీబోర్డు వాయిస్తుంటే వాళ్లకు 'నాలుగు' అంటే అర్థం కాదు, ఎఫ్ అని చెప్పాలి. నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్, ఐదున్నర అంటే జీ షార్ప్. ఫోన్‌లో తంబూరా యాప్ ఉంటే అందరూ అదే శ్రుతి పెట్టుకుని చూసుకోవచ్చు.

మొదటి ట్రాకు పాడేవాళ్లు గొంతు బాగున్నవాళ్లు కానక్కర్లేదు, తాళం నిలిచేవాళ్లు అయి ఉండాలి. మా ఇంట్లో ఆ పని వదినది. ఆదితాళం పాటైతే పాట ఎత్తుకునే ముందు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు, ఎనిమిది అక్షరాలూ (లెక్కలూ) గట్టిగా తాళం వేయాలి. ఆ తాళం విని మిగతావాళ్లు సరిగ్గా అందుకుంటారు. ప్రతివాళ్లూ ఆ ఎనిమిదిలో మొదటి అక్షరానికి ఒక్క చప్పట్లు గట్టిగా కొడితే, కలిపేవాళ్లకు ఆ చప్పట్లు స్క్రీన్ మీద ముల్లులా పైకి లేచి కనిపిస్తాయి. వాటిని ఒకే నిలువు గీతలోకి జరిపితే పాటంతా సరిపోతుంది.

ఇక ఇయర్‌ఫోన్స్. బ్లూటూత్ వద్దు. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడమే వంద, రెండు వందల మిల్లీసెకన్లు ఆలస్యం కావచ్చు. వదిన పాడింది మీకు ఆలస్యంగా వినిపిస్తుంది, మీరు దాన్నిబట్టి పాడతారు, మీ ట్రాకంతా వెనకబడుతుంది. మీ తాళం బాగాలేదని ఇంట్లోవాళ్లంతా అనుకుంటారు. పాత వైరు ఇయర్‌ఫోన్స్ వెతికి తీయండి, కొత్త ఫోన్లకు టైప్-సీ వైరువి దొరుకుతాయి. ఒక చెవిలో పెట్టుకుని, రెండోచెవితో సొంత గొంతు వినండి. ఫోన్‌ను నోటికి జానెడున్నర దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. తలుపులు వేసి, సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. శ్రీరామనవమి వచ్చేది ఎండలు ముదిరే రోజుల్లో, కాబట్టి అది చెప్పినంత తేలిక కాదు. చెమటలు కక్కుతూ పాడిన ఆ నాలుగు నిమిషాలే మంచి రికార్డింగు మరి.

కలిపేవాళ్లకు ఒక విన్నపం. ఇలాంటి యాప్‌లలో శ్రుతి తప్పిన స్వరాన్ని దానంతటదే సరిచేసే సదుపాయం ఉంటుంది, బ్యాండ్‌ల్యాబ్‌లోనూ ఉంది. దాన్ని ముట్టుకోకండి. అది ప్రతి స్వరాన్నీ దగ్గరి మెట్టు మీదకు లాగుతుంది, కీబోర్డు మెట్లన్న మాట. గమకం అంటేనే మెట్టుకూ మెట్టుకూ మధ్య తిరగడం. సరిచేసిన తర్వాత అత్తయ్య గొంతు యంత్రంలా వినిపిస్తుంది, శ్రుతి కొంచెం తగ్గినా ఆవిడ గొంతు ఆవిడలాగే ఉండనివ్వండి. బాగా తప్పితే ఆ ట్రాకు సౌండ్ తగ్గించండి, తీసేయకండి. తీసేస్తే ఆవిడకు తెలిసిపోతుంది.

బావగారి సంగతి వేరే

సినిమా పాటలు పాడేవాళ్లకు పైన చెప్పిన శ్రమంతా దండగ. వాళ్లకు స్మ్యూల్ లాంటి కరోకే యాప్ చాలు. ఒకరు తమ వంతు పాడి వదిలేస్తే, ఇంకొకరు తీరికున్నప్పుడు యుగళగీతంలో రెండో గొంతు కలుపుతారు. ఆలస్యం బాధ లేదు, సంగీతం సిద్ధంగా ఉంటుంది. ఉచితంగా కొంత, మిగతాదానికి చందా. చూసుకోవాల్సింది ఒక్కటే: పాట అందరికీ కనిపించేలా పోతోందా, మనవాళ్లకే కనిపిస్తోందా అని. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి గొంతు కలపడం బావగారికి సరదాగానే ఉంటుంది, అక్కయ్యకు ఉండకపోవచ్చు.

పాటలు ఎక్కడ దాచాలి

వాట్సాప్ గ్రూపు దాచుకునే చోటు కాదు. ఫోన్ మారిస్తే, స్టోరేజీ నిండిందని ఎవరో అన్నీ చెరిపేస్తే పాటలు పోతాయి. తర్వాత గ్రూపులో చేరిన కొత్త కోడలికి పాతవన్నీ కనిపించవు.

యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్'గా పెడితే లింకు ఉన్నవాళ్లే చూడగలరు, వెతికితే దొరకదు, టీవీలో కూడా పెట్టుకోవచ్చు. పెద్దవాళ్లకు ఇదే తేలిక. లింకు ఎవరి చేతికి పోయినా వాళ్లూ చూడగలరని గుర్తుంచుకోండి. 'ప్రైవేట్' పెడితే ఒక్కొక్కరి ఈమెయిల్ చేర్చాలి, అది తెగే పని కాదు. సినిమా పాటైతే హక్కుదారుల నుంచి క్లెయిమ్ రావడం మామూలే. వాటిలో ప్రకటనలు రావచ్చు, కొన్ని దేశాల్లో వీడియో ఆగిపోవచ్చు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి, కాబట్టి సంప్రదాయ కీర్తనలకు ఆ బాధ లేదు. అయితే ఎవరో పేరున్న గాయకుల రికార్డింగును వెనక పెట్టుకుని పాడితే మాత్రం ఆ రికార్డింగు హక్కు వేరే.

గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా 15 జీబీ వస్తుంది, జీమెయిల్‌కూ ఫోటోలకూ కలిపి. 2021 జూన్ నుంచి ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి, అందుకే పెళ్లి ఫోటోలు ఎక్కగానే నిండిపోతుంది. ఆడియో ఒక్కటే దాచుకునేటట్టయితే 15 జీబీ చాలా ఎక్కువ. నేనైతే అసలు ఫైళ్లు డ్రైవ్‌లో, చూడటానికి యూట్యూబ్‌లో, ఇంకో కాపీ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో అంటాను.

కబుర్లకు

కుటుంబం గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మల మీద శుభోదయాలు, మధ్యలో ఎవరో పంపిన వంటింటి వైద్యం, ఏకాదశి శుభాకాంక్షలు. వాటి మధ్యలో "పిన్నికి రేపు కంటి ఆపరేషన్" అన్న ఒక్క లైను. అది మర్నాటికి ఎంతమంది చూశారో దేవుడికే తెలియాలి. శుభోదయాలు ఆపమంటే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు, వాళ్లకు అదే 'నేను బాగానే ఉన్నాను' అని చెప్పడం. ఆపనక్కర్లేదు. ఆ గ్రూపును అలాగే ఉంచి, పక్కన అడ్మిన్లు మాత్రమే రాయగలిగే రెండో గ్రూపు పెట్టండి. పుట్టుకలు, పెళ్లి ముహూర్తాలు, ఆపరేషన్లు, ఎవరు ఎప్పుడు ఇండియా వస్తున్నారు, ఇవే అందులో. రాసే అధికారం తలో శాఖ నుంచి ఒకరికి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా ఉంది కానీ, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. దూరపు చుట్టాల్లో సగం మందికి మీ నంబరు ఉండదు.

కొన్ని కబుర్లకు గ్రూపే వద్దు. చావు కబురు ముందు ఫోన్‌లో చెప్పాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు ప్రయాణం పెట్టుకోవాలో లేదో ఆ నిమిషాన తేల్చుకోవాలి, జ్ఞాతులైతే మైల పట్టాలి. వాళ్లు పొద్దున్న లేచి గ్రూపులో దండలేసిన ఫోటో చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకుని ఉంటే మంచిది. అలాగే కోడలికి నెల తప్పిన సంగతి. మూడో నెల నిండేదాకా బయటపెట్టకూడదనుకునే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, అది ఆ అమ్మాయే చెప్పాల్సిన కబురు. స్టేటస్‌లో పెట్టడం సరేసరి, 24 గంటల్లో మాయమవుతుంది, ఆ లోపల చూడకూడనివాళ్లంతా చూస్తారు.

పాటనూ కబురునూ వేరుచేయమన్నాను కానీ, రెండూ కలవాల్సిన చోటు ఒకటుంది. ఒకప్పుడు గల్ఫ్ వెళ్లినవాళ్లు క్యాసెట్‌లో మాట్లాడి ఇంటికి పంపేవాళ్లు, ఉత్తరం చదవడం రాని తల్లి కూడా వినేది. అదే పద్ధతిలో నెలకొక ఆడియో. పిల్లల్లో ఎవరో ఒకరు ఆకాశవాణి ఫక్కీలో "వార్తలు చదువుతున్నది" అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు ఇంటి కబుర్లు చెప్పడం, చివర ఒకరి పాట. అట్లాంటాలో పెరుగుతున్న పిల్లలకు తెలుగులో నాలుగు వాక్యాలు తడుముకోకుండా చదవడం అలవాటవుతుంది, ఇక్కడివాళ్లకు వాళ్ల గొంతు వినపడుతుంది. ఈమెయిల్‌లో కుటుంబ పత్రికలు నడిపేవాళ్లున్నారు, బాగానే ఉంటాయి. చదివేది మాత్రం రాసినవాళ్లూ ఇంకో ఇద్దరూ.

స్మార్ట్‌ఫోన్ లేని పెద్దమ్మకు ఇది ఎలా చేరాలి? కీప్యాడ్ ఫోన్ అయితే మెమరీ కార్డులో వేసి ఇవ్వవచ్చు, కానీ ఆ చిన్న మెనూలో వెతుక్కోవడం కళ్లు కనపడనివాళ్లకు కష్టం. 2017లో వచ్చిన సరిగమ కార్వాన్ లాంటి రేడియో పెట్టె ఇంట్లో ఉంటే దానికి పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు ఉంటుంది. నెలనెలా వచ్చిన ఆడియోలు, పండగ పాటలు అందులో వేసి, ఊరెళ్లేవాళ్లతో పంపించండి. ఫైళ్లు ఎంపీ3లోకి మార్చి వేయండి, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉండాలి, లేకపోతే కొన్ని పెట్టెలు చదవవు. ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేయడం మరచిపోకండి. లేదంటే మంగళహారతి ముందొచ్చి గణపతి ప్రార్థన చివరికి పోయినా పోతుంది, అప్పుడు పెద్దమ్మ ఎవరి ఫోన్ నుంచైనా సరే కాల్ చేసి మరీ అడుగుతుంది.